తెలంగాణ రాష్ట్ర బడ్జెట్ల వార్షిక పోలిక

తెలంగాణ రాష్ట్ర బడ్జెట్ల వార్షిక పోలిక అనగా ఒక ఆర్థిక సంవత్సరపు రాష్ట్ర బడ్జెట్‌ను అంతకు ముందరి సంవత్సరపు బడ్జెట్‌తో సరిచూచి, ఆదాయ వ్యయాలలో వచ్చిన మార్పులను గుర్తించుట. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడిన నాటి నుండి 2025-26 వరకు శాసనసభ ముందుకు వచ్చిన పన్నెండు పూర్తి బడ్జెట్లలో మొత్తం పరిమాణం ముందటి సంవత్సరం కంటే తగ్గినది ఒక్కసారే. అది 2019-20 బడ్జెట్. 2018-19లో రూ. 1,74,454 కోట్లుగా ఉన్న అంచనా ఆ సంవత్సరం రూ. 1,46,492 కోట్లకు తగ్గింది. ఈ తగ్గుదల అన్ని పద్దులపై సమానంగా పడలేదు. పింఛన్ల కేటాయింపు పెరగగా, మూలధన వ్యయం దాదాపు సగానికి పడిపోయింది. అందువలన రెండు బడ్జెట్లను పోల్చునపుడు మొత్తాన్ని మాత్రమే చూచిన చాలదనుటకు ఈ బడ్జెట్ మంచి ఉదాహరణ.

2019 సెప్టెంబరు 9న ఈ బడ్జెట్‌ను శాసనసభలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, శాసనమండలిలో ఆర్థిక మంత్రి టి. హరీశ్‌రావు ప్రవేశపెట్టారు. ముఖ్యమంత్రి అప్పటి నియోజకవర్గమైన గజ్వేల్, ఆర్థిక మంత్రి నియోజకవర్గమైన సిద్దిపేట రెండూ పూర్వపు మెదక్ జిల్లాకు, మెదక్ లోక్‌సభ స్థానానికి చెందినవే.

రాజ్యాంగ నేపథ్యం

భారత రాజ్యాంగములోని 202వ అధికరణం ప్రకారం ప్రతి ఆర్థిక సంవత్సరానికి రాష్ట్ర ప్రభుత్వపు అంచనా ఆదాయ వ్యయాల పట్టికను శాసనసభ ముందు ఉంచాలి. దీనినే వార్షిక ఆర్థిక నివేదిక లేదా వాడుకలో బడ్జెట్ అంటారు. 203వ అధికరణం క్రింద శాఖలవారీగా పద్దులపై చర్చ, ఓటింగ్ జరుగుతాయి. 204వ అధికరణం క్రింద ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందిన తరువాతనే ఖజానా నుండి సొమ్ము తీయవచ్చును. సంవత్సరం మధ్యలో అదనపు సొమ్ము అవసరమైతే 205వ అధికరణం క్రింద అనుబంధ పద్దులు పెడతారు. పూర్తి బడ్జెట్‌కు వ్యవధి లేనపుడు కొన్ని నెలల ఖర్చుకు 206వ అధికరణం క్రింద ఓటాన్ అకౌంట్ తీసుకుంటారు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మరుసటి సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది.

మూడు రకాల అంకెలు

బడ్జెట్ పత్రాలలో ఒకే పద్దుకు మూడు వేరువేరు సంవత్సరాల అంకెలు ప్రక్కప్రక్కన కనిపిస్తాయి.

* లెక్కలు: గడచిపోయిన సంవత్సరంలో నిజంగా వచ్చిన ఆదాయం, జరిగిన ఖర్చు. ఇవి రెండేళ్ళ వెనుకటి సంవత్సరానికి సంబంధించినవి.
* సవరించిన అంచనాలు: జరుగుతున్న సంవత్సరానికి మొదట వేసిన అంచనాను సంవత్సరాంతంలో సరిదిద్దిన అంకెలు.
* బడ్జెట్ అంచనాలు: రాబోవు సంవత్సరానికి ప్రభుత్వం ఆశిస్తున్న ఆదాయం, చేయదలచిన ఖర్చు.

పోలికలో ఏ అంకెను ఆధారంగా తీసుకున్నారన్న దానిని బట్టి ఫలితం మారుతుంది. 2019-20 బడ్జెట్‌ను 2018-19 బడ్జెట్ అంచనాతో పోల్చితే తగ్గుదల 16.0 శాతం. 2018-19 సవరించిన అంచనా అయిన రూ. 1,61,857 కోట్లతో పోల్చితే తగ్గుదల 9.5 శాతం మాత్రమే. 2019 ఫిబ్రవరి నాటి ఓటాన్ అకౌంట్ బడ్జెట్ అయిన రూ. 1,82,017 కోట్లతో పోల్చితే 19.5 శాతం. ఈ మూడు శాతాలూ సరియైనవే, కానీ ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం.

బడ్జెట్ల పరిమాణం

క్రింది పట్టికలో పూర్తి బడ్జెట్ల అంచనాలు కోట్ల రూపాయలలో ఇవ్వబడినవి. మార్పు శాతం ముందటి సంవత్సరపు బడ్జెట్ అంచనాతో పోల్చి లెక్కించినది. ప్రవేశపెట్టినవారి పేర్లు శాసనసభకు సంబంధించినవి.

| సంవత్సరం | మొత్తం అంచనా | మార్పు (శాతం) | ప్రవేశపెట్టినవారు |
|---|---|---|---|
| 2014-15 (10 నెలలు) | 1,00,638 | - | ఈటెల రాజేందర్ |
| 2015-16 | 1,15,689 | +15.0 | ఈటెల రాజేందర్ |
| 2016-17 | 1,30,416 | +12.7 | ఈటెల రాజేందర్ |
| 2017-18 | 1,49,646 | +14.7 | ఈటెల రాజేందర్ |
| 2018-19 | 1,74,454 | +16.6 | ఈటెల రాజేందర్ |
| 2019-20 | 1,46,492 | -16.0 | కె. చంద్రశేఖరరావు |
| 2020-21 | 1,82,914 | +24.9 | టి. హరీశ్‌రావు |
| 2021-22 | 2,30,826 | +26.2 | టి. హరీశ్‌రావు |
| 2022-23 | 2,56,959 | +11.3 | టి. హరీశ్‌రావు |
| 2023-24 | 2,90,396 | +13.0 | టి. హరీశ్‌రావు |
| 2024-25 | 2,91,159 | +0.3 | మల్లు భట్టి విక్రమార్క |
| 2025-26 | 3,04,965 | +4.7 | మల్లు భట్టి విక్రమార్క |

2019-20, 2024-25 సంవత్సరాలలో లోక్‌సభ ఎన్నికల కారణంగా ముందుగా ఓటాన్ అకౌంట్ బడ్జెట్ పెట్టి, తరువాత పూర్తి బడ్జెట్ ప్రవేశపెట్టారు.

మొదటి పోలిక: 2014-15, 2015-16

రాష్ట్ర తొలి బడ్జెట్‌ను 2014 నవంబరు 5న, రెండవ బడ్జెట్‌ను 2015 మార్చి 11న ప్రవేశపెట్టారు. పట్టికను బట్టి రెండవ బడ్జెట్ 15 శాతం పెరిగినట్లు కనిపిస్తుంది. అయితే మొదటిది 2014 జూన్ 2 నుండి 2015 మార్చి 31 వరకు గల పది నెలలకు మాత్రమే వేసిన అంచనా. నెలసరి సగటు తీస్తే 2014-15లో సుమారు రూ. 10,064 కోట్లు, 2015-16లో సుమారు రూ. 9,641 కోట్లు వస్తుంది. అనగా నెలకు చొప్పున చూస్తే రెండవ బడ్జెట్ సుమారు 4 శాతం చిన్నది.

తొలి అంచనాలకు, వాస్తవానికి మధ్య దూరం కూడా ఎక్కువే. 2014-15లో రెవెన్యూ ఆదాయం రూ. 80,090 కోట్లు వస్తుందని అంచనా వేయగా, కాగ్ లెక్కల ప్రకారం వచ్చినది రూ. 51,042 కోట్లు. ఇది అంచనాలో సుమారు 64 శాతం. కొత్తగా ఏర్పడిన రాష్ట్రానికి వెనుకటి సంవత్సరాల లెక్కలు లేకపోవుట అంచనాలు వేయుటను కష్టతరం చేసింది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ లెక్కలను విభజించి ఊహించుట తప్ప అప్పటికి వేరు ఆధారం లేదు.

ప్రధాన పోలిక: 2018-19, 2019-20

నేపథ్యం

2018 డిసెంబరులో శాసనసభ ఎన్నికలు జరిగాయి. లోక్‌సభ ఎన్నికలు సమీపించినందున 2019 ఫిబ్రవరి 22న ముఖ్యమంత్రి ఓటాన్ అకౌంట్ బడ్జెట్ ప్రవేశపెట్టారు. అందులో మొత్తం వ్యయం రూ. 1,82,017 కోట్లు. ఏడు నెలలు గడువక ముందే పూర్తి బడ్జెట్‌లో అది రూ. 35,525 కోట్లు తగ్గింది. దేశవ్యాప్త ఆర్థిక మాంద్యమే ఇందుకు ప్రధాన కారణమని ముఖ్యమంత్రి బడ్జెట్ ప్రసంగంలో వివరించారు. 2019-20 మొదటి త్రైమాసికంలో దేశ స్థూల ఉత్పత్తి వృద్ధి రేటు 5 శాతానికి తగ్గినట్లు అప్పటికే ప్రకటితమైంది. వాహనాల అమ్మకాలు తగ్గుట వలన రాష్ట్రాల పన్ను ఆదాయంపైనా ఒత్తిడి పడింది.

వ్యయ విభజన

| వ్యయం (కోట్ల రూపాయలు) | 2018-19 అంచనా | 2019-20 అంచనా | మార్పు (శాతం) |
|---|---|---|---|
| రెవెన్యూ వ్యయం | 1,25,455 | 1,11,056 | -11.5 |
| మూలధన వ్యయం | 33,369 | 17,275 | -48.2 |
| ఇతరములు | 15,630 | 18,162 | +16.2 |
| మొత్తం | 1,74,454 | 1,46,492 | -16.0 |

(పూర్ణాంకాలకు సవరించినందున మొత్తాలలో స్వల్ప తేడా ఉండవచ్చును.)

రెవెన్యూ వ్యయం అనగా జీతాలు, పింఛన్లు, వడ్డీలు, రాయితీలు వంటి రోజువారీ ఖర్చు. మూలధన వ్యయం అనగా రోడ్లు, భవనాలు, జలాశయాలు వంటి ఆస్తులను సమకూర్చే ఖర్చు. ఇతరములలో పాత అప్పుల అసలు తిరిగి చెల్లింపు, ప్రభుత్వం సంస్థలకు ఇచ్చే రుణాలు, అడ్వాన్సులు చేరతాయి.

ఆదాయం తగ్గిన సంవత్సరంలో జీతాలను, వడ్డీలను ఆపుట ప్రభుత్వానికి సాధ్యం కాదు. అప్పుల వాయిదాలు గడువు ప్రకారం చెల్లించవలసినదే. కొత్త నిర్మాణాలను మాత్రం వాయిదా వేయవచ్చును. మొత్తం 16 శాతం తగ్గగా మూలధన వ్యయం 48 శాతం తగ్గుటకు ఇదే కారణం. మొత్తం తగ్గుదల అయిన రూ. 27,962 కోట్లలో రూ. 16,094 కోట్లు, అనగా సగం కంటే ఎక్కువ, మూలధన వ్యయం నుండి వచ్చినదే.

పథకాలవారీ మార్పులు

* ఆసరా పింఛన్లు: కేటాయింపు రూ. 5,366 కోట్ల నుండి రూ. 9,402 కోట్లకు పెరిగింది. వృద్ధులు, వితంతువులు తదితరుల పింఛను నెలకు రూ. 1,000 నుండి రూ. 2,016కు, వికలాంగుల పింఛను రూ. 1,500 నుండి రూ. 3,016కు 2019 జూన్ నుండి పెంచుట దీనికి కారణం.
* రైతుబంధు: రెండు సంవత్సరాలలోనూ కేటాయింపు రూ. 12,000 కోట్లు. కానీ ఎకరాకు సంవత్సరానికి ఇచ్చే సాయం రూ. 8,000 నుండి రూ. 10,000కు పెరిగింది. మొదటి రేటు చొప్పున ఆ సొమ్ము 1.5 కోట్ల ఎకరాలకు, రెండవ రేటు చొప్పున 1.2 కోట్ల ఎకరాలకు సరిపోతుంది. అంకె మారకపోయినా ఆ సొమ్ముతో సాయం అందించగల భూమి తగ్గినదని దీని అర్థం.
* పంట రుణాల మాఫీ: 2019-20లో రూ. 6,000 కోట్లు కేటాయించారు.
* నీటిపారుదల: కేటాయింపు రూ. 25,000 కోట్ల నుండి రూ. 8,476 కోట్లకు తగ్గింది.

నీటిపారుదల పద్దు తగ్గినంత మాత్రాన ప్రాజెక్టుల పనులు కూడా అదే నిష్పత్తిలో తగ్గినట్లు భావించరాదు. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి కావలసిన సొమ్ములో పెద్ద భాగాన్ని ప్రత్యేక కార్పొరేషన్ ద్వారా ప్రభుత్వ హామీపై అప్పుగా తెచ్చారు. ఇటువంటి రుణాలు బడ్జెట్ మొత్తంలో కనిపించవు. వీటిపై కాగ్ తన నివేదికలలో అభ్యంతరాలు తెలిపింది. ప్రభుత్వమే తిరిగి చెల్లించే ఇటువంటి రుణాలను రాష్ట్ర రుణ పరిమితిలో కలిపి లెక్కించాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది.

తరువాతి పోలిక: 2019-20, 2020-21

2020 మార్చి 8న హరీశ్‌రావు ప్రవేశపెట్టిన 2020-21 బడ్జెట్ రూ. 1,82,914 కోట్లు. ముందటి బడ్జెట్ కంటే ఇది 24.9 శాతం అధికం. 2019-20 సవరించిన అంచనా అయిన రూ. 1,42,152 కోట్లతో పోల్చితే 28.7 శాతం అధికం. అయితే ఆధార సంవత్సరం చిన్నదైనపుడు పెరుగుదల శాతం పెద్దదిగా కనిపిస్తుంది. రెండు సంవత్సరాల వెనుకటి 2018-19 అంచనాతో పోల్చితే పెరుగుదల 4.8 శాతం మాత్రమే. ధరల పెరుగుదలను లెక్కలోనికి తీసుకుంటే అది కూడా మిగలదు.

మూలధన వ్యయానికి 2020-21లో రూ. 22,061 కోట్లు కేటాయించారు. ఇది 2019-20 కంటే అధికమైనను 2018-19 అంచనాలో మూడింట రెండు వంతులే. ఆసరా పింఛన్లకు రూ. 11,758 కోట్లు, రైతుబంధుకు రూ. 14,000 కోట్లు, నీటిపారుదలకు రూ. 11,054 కోట్లు కేటాయించారు.

బడ్జెట్ పెట్టిన కొద్ది వారాలకే కరోనా వ్యాప్తి కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. రూ. 4,482 కోట్ల రెవెన్యూ మిగులు ఉంటుందని అంచనా వేసిన ఆ సంవత్సరం, కాగ్ లెక్కల ప్రకారం రూ. 22,298 కోట్ల రెవెన్యూ లోటుతో ముగిసింది. అంతకు ముందు 2019-20లో కూడా రూ. 2,044 కోట్ల మిగులు అంచనా వేయగా చివరకు రూ. 6,254 కోట్ల లోటు తేలింది. అంచనాలను అంచనాలతో మాత్రమే పోల్చువారికి ఈ మార్పు కనిపించదు.

పోలికను ప్రభావితం చేసే మార్పులు

ప్రణాళిక, ప్రణాళికేతర వర్గీకరణ రద్దు

2016-17 వరకు వ్యయాన్ని ప్రణాళిక, ప్రణాళికేతర పద్దులుగా విభజించేవారు. 2016-17లో ప్రణాళిక వ్యయం రూ. 67,630 కోట్లు, ప్రణాళికేతర వ్యయం రూ. 62,785 కోట్లు. 2017-18 నుండి దేశమంతటా ఈ విభజన తొలగి, రెవెన్యూ, మూలధన వర్గీకరణ మాత్రమే మిగిలింది. కనుక 2016-17 ప్రణాళిక వ్యయాన్ని తరువాతి సంవత్సరాల మూలధన వ్యయంతో పోల్చుట సరికాదు. ప్రణాళిక వ్యయంలోనూ కొంత రెవెన్యూ ఖర్చు ఉండేది.

వస్తు సేవల పన్ను

2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చింది. రాష్ట్రాలు వసూలు చేస్తున్న వ్యాట్‌లో ఎక్కువ భాగం, వినోదపు పన్ను వంటివి ఇందులో కలిశాయి. పెట్రోలియం ఉత్పత్తులు, మద్యం రాష్ట్ర పన్నుల క్రిందనే ఉన్నవి. 2015-16 ఆదాయంపై ఏటా 14 శాతం వృద్ధి చొప్పున లెక్కకట్టి, తగ్గిన మేరకు రాష్ట్రాలకు ఐదేళ్ళపాటు పరిహారం ఇచ్చే ఏర్పాటు 2022 జూన్‌తో ముగిసింది. 2017కు ముందరి, తరువాతి పన్ను ఆదాయాలను పోల్చునపుడు ఈ మార్పును గమనించాలి.

కేంద్ర పన్నులలో వాటా

రాష్ట్రాలకు పంచే కేంద్ర పన్నులలో తెలంగాణ వాటా 14వ ఆర్థిక సంఘం కాలంలో 2.437 శాతం. 15వ ఆర్థిక సంఘం దీనిని 2020-21కి 2.133 శాతంగా, 2021-26 కాలానికి 2.102 శాతంగా నిర్ణయించింది. కేంద్ర పన్నుల వసూళ్ళు మారకపోయినా ఈ వాటా తగ్గుట వలననే రాష్ట్ర ఆదాయం తగ్గుతుంది.

మెదక్ పట్టణం, జిల్లా

రాష్ట్ర బడ్జెట్‌లో కేటాయింపులు ముఖ్యంగా శాఖలవారీగా, పథకాలవారీగా ఉంటాయి. ఒక పట్టణానికి ఎంత సొమ్ము వచ్చినదో ఒకే పుటలో దొరకదు. మెదక్ వంటి పట్టణం విషయంలో పురపాలక, వైద్య, రోడ్లు భవనాలు, నీటిపారుదల మొదలైన శాఖల పద్దులను విడివిడిగా చూడవలసి ఉంటుంది.

జిల్లా అంకెలను సంవత్సరం నుండి సంవత్సరానికి పోల్చుటలో మరొక చిక్కు కలదు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో పూర్వపు మెదక్ జిల్లా నుండి మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలు ఏర్పడ్డాయి. అంతవరకు సంగారెడ్డి కేంద్రంగా ఉన్న మెదక్ జిల్లాకు మెదక్ పట్టణమే కేంద్రమైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం పూర్వపు జిల్లా జనాభా 30,33,288 కాగా, కొత్త జిల్లా పరిధిలోని జనాభా 7,67,428. పేరు ఒకటే అయినను జనాభా నాలుగవ వంతుకు తగ్గింది. అందుచేత 2015-16లో మెదక్ జిల్లాకు చూపిన అంకెను 2017-18 అంకెతో నేరుగా పోల్చితే నిధులు భారీగా తగ్గినట్లు తప్పుగా తోస్తుంది. మూడు జిల్లాలను కలిపినా లెక్క సరిపోదు. సిద్దిపేట జిల్లాలో పూర్వపు కరీంనగర్, వరంగల్ జిల్లాల మండలాలు కూడా చేరాయి. తలసరి లెక్క తీయుట ఇందుకు కొంతవరకు పరిష్కారం.

పట్టణంలోని కొన్ని పనులు బడ్జెట్ పోలికలోని ఇతర అంశాలను తెలుపుతాయి.

* అక్కన్నపేట-మెదక్ రైలు మార్గం: సుమారు 17 కిలోమీటర్ల ఈ మార్గపు ఖర్చును రైల్వే శాఖ, రాష్ట్ర ప్రభుత్వం సగం సగం భరించాయి. 2022 సెప్టెంబరులో ప్రయాణికుల రైలు ప్రారంభమైంది. ఇటువంటి పనులకు నిర్మాణ కాలంలోనే సొమ్ము అవసరం. పని పూర్తి అయిన తరువాత కేటాయింపు మాయమైతే దానిని ప్రాంతంపై నిర్లక్ష్యంగా భావించరాదు.
* జిల్లా సమీకృత కలెక్టరేట్: 2023 ఆగస్టు 23న ప్రారంభమైంది. భవన నిర్మాణం మూలధన వ్యయం. అందులో పనిచేసే ఉద్యోగుల జీతాలు, విద్యుత్ బిల్లులు ఏటేటా వచ్చే రెవెన్యూ వ్యయం.
* ప్రభుత్వ వైద్య కళాశాల: 2023లో మంజూరై 2024-25 విద్యా సంవత్సరంలో తరగతులు మొదలయ్యాయి. ఒక సంవత్సరపు నిర్ణయం తరువాతి అనేక బడ్జెట్లలో ఖర్చుగా కనిపించుటకు ఇది ఉదాహరణ.
* ఘనపూర్ ఆనకట్ట: మంజీరా నదిపై 1905లో నిర్మించిన ఈ ఆనకట్ట మెదక్ ప్రాంతపు పాత సాగునీటి వనరు. పాత నిర్మాణాల నిర్వహణ, మరమ్మతులకు అయ్యే ఖర్చు పెద్ద ప్రాజెక్టుల కేటాయింపుల ప్రక్కన చిన్నదిగా కనిపించినా, ఆయకట్టు రైతులకు అదే ముఖ్యం.

పోల్చునపుడు గమనించవలసిన అంశాలు

* ఒకే రకపు అంకెలను పోల్చాలి. అంచనాను అంచనాతో, లెక్కను లెక్కతో సరిచూడాలి.
* ఓటాన్ అకౌంట్ బడ్జెట్, పూర్తి బడ్జెట్ వేరువేరని గుర్తించాలి.
* రెండు అంకెలూ ఒకే కాలవ్యవధికి సంబంధించినవో కావో చూడాలి.
* మొత్తాన్ని రెవెన్యూ, మూలధన, ఇతర వ్యయాలుగా విడదీసి, మార్పు ఎక్కడ జరిగినదో చూడాలి.
* పథకపు కేటాయింపుతోపాటు లబ్ధిదారుల సంఖ్యను, ఒక్కొక్కరికి ఇచ్చే మొత్తాన్ని కూడా చూడాలి.
* ధరల పెరుగుదలను, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో బడ్జెట్ శాతాన్ని లెక్కలోనికి తీసుకోవాలి.
* కార్పొరేషన్ల ద్వారా తెచ్చిన రుణాలను విడిగా పరిశీలించాలి.
* సంవత్సరం ముగిసిన తరువాత వెలువడే కాగ్ నివేదికతో అంచనాలను సరిచూడాలి.

ఇవి కూడా చూడండి

* తెలంగాణ శాసనసభ
* మెదక్ జిల్లా
* కాళేశ్వరం ఎత్తిపోతల పథకం
* ఆసరా పింఛను పథకం
* రైతుబంధు పథకం
* ఆర్థిక సంఘం
* కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్